వీపున విషం మోసే సాలీడు: నేను రెండుసార్లు తడబడిన ఒక కేసు

ఇది రాయడానికి ఆ ఇంటివాళ్ల అనుమతి తీసుకున్నాను. ఊరి పేరు చెప్పడం లేదు. వయసులు, చుట్టరికాలు కొంచెం మార్చాను. కొలతలు, ఏది ముందు ఏది వెనక జరిగిందన్న వరస, నేను చేసిన పొరపాట్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

నేపథ్యం

నేను డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. శ్రీకాకుళం చుట్టుపక్కల ఊళ్లలో పాత విద్యార్థులు చాలామందే ఉన్నారు. వానలు పడ్డాయంటే నా ఫోను నిండా పురుగుల ఫొటోలే. జెర్రి, మండ్రగబ్బ, గోడ మీది సాలీడు, ఎప్పుడైనా ఒక పాము. కింద రాసేది మాత్రం అందరూ ఒకటే: "సార్, ఇది కుడితే ఏమవుతుంది?"

నేను వైద్యుణ్ని కాను. అందుకే ఫొటో చూడకముందే మూడు అడుగుతాను. ఒళ్లంతా చెమటలు పట్టి చేతులు చల్లబడ్డాయా? కనురెప్పలు వాలిపోతున్నాయా, మాట ముద్దగా వస్తోందా? జ్వరం ఉండి, ఒంటి మీద ఎక్కడైనా నల్లటి చెక్కు కట్టిన చిన్న పుండు ఉందా? మొదటిది ఎర్రతేలు కోసం. రెండోది కట్లపాము కోసం, ఎందుకంటే అది నిద్రలో కాటేస్తే నొప్పి కూడా తెలియకపోవచ్చు. మూడోది స్క్రబ్ టైఫస్ అనే జ్వరం కోసం. చిగ్గర్ అనే నల్లి పిల్ల కుట్టిన చోట పడే ఆ నల్ల చెక్కును మనవాళ్లు చాలాసార్లు సాలీడు ఖాతాలో రాసేస్తారు. మూడింట్లో ఒక్కదానికి అవునన్నా, "ఫొటో తరవాత, ముందు ఆసుపత్రికి పదండి" అంటాను. ఈ కేసులో మూడింటికీ కాదనే వచ్చింది. అందుకే మిగతా కథ నడిచింది.

ఇల్లు నాగావళి కాలవ కింద ఒక పల్లెలో ఉంది. వీధి వైపు అరుగు, వెనక పెరడు, పెరటి గోడ దాటగానే వరి. ఇంట్లో అరవై దాటిన మామ్మ, తొమ్మిదేళ్ల మనవరాలు, ఆ పిల్ల చిన్నాన్న, పిన్ని. పిల్ల తల్లిదండ్రులు చెన్నైలో భవనాల పనిలో ఉన్నారు. చిన్నాన్న నా పాత విద్యార్థి. అప్పట్లో చివరి బెంచీ. ఇప్పుడు మూడెకరాలు స్వయంగా చేసుకుంటున్నాడు.

వచ్చిన సమస్య

వినాయక చవితి అయిన రెండో వారంలో, రాత్రి తొమ్మిది దాటాక ఫొటో వచ్చింది. సిమెంటు మెట్టు మీద ఫ్లాష్ వెలుగులో పాలిపోయిన బూడిదరంగు సాలీడు. పైనుంచి తీశారు, చేయి కదిలింది. కాళ్లు ఎనిమిదని తెలుస్తోంది, అంతకుమించి ఏమీ తెలియడం లేదు. వెనకాలే పిల్ల మెడ ఫొటో: చెవి కిందనుంచి భుజం వైపు వాతలాంటి ఎర్రచార, మధ్యలో నీటి పొక్కులు.

ఫోన్ చేస్తే మామ్మ అందుకుంది. ఆవిడ మాటలు ఆ రాత్రే నోటుబుక్కులో రాసుకున్నాను. మంచి పనే అయింది.

"బావూ, సవితికి దీపం ఎట్టినకాడ్నించీ ఇది గుమ్మంలోకి వొస్తంది. అరసెయ్యంత ఉన్నాది. ఈపు మీద ఇసం మోసుకు తిరుగుతంది. పిల్ల మెడ మీద ఉచ్చోసింది సూడు, ఎలగయిపోనాదో!"

సాలీడు ఉచ్చ పోస్తే పొక్కులు లేస్తాయన్న నమ్మకం మన దగ్గర గట్టిది. అక్కికీ, ఎండపొక్కుకూ, గజ్జికీ అన్నిటికీ ఆ ఒక్క ప్రాణే ముద్దాయి. నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. మిగిలిన రెండు మాటలు, దీపం సంగతీ వీపు సంగతీ, చెవిన పడి జారిపోయాయి.

మొదటి నిర్ణయం, మొదటి తప్పు

ఆ ఫొటో చూసి "వేట సాలీడు అయ్యుంటుంది, భయం లేదు" అన్నాను. స్పరాసిడే కుటుంబం, ఇంటి గోడల మీద పెద్దగా, బల్లపరుపుగా, పీతలా కాళ్లు పక్కలకు చాపుకుని కూర్చునే రకం. బొద్దింకల్ని తింటుంది.

ఎందుకలా అన్నాను? నాకొచ్చే "ఇంట్లో పెద్ద సాలీడు" ఫొటోల్లో ఎక్కువ అదే. సరిగా కనిపించనప్పుడు ఎక్కువగా వచ్చేదాని వైపు మొగ్గడం ఈ పనిలో మామూలే, అందులో తప్పు లేదు. తప్పెక్కడంటే, ఫొటోలో ఉన్నది గోడ కాదు, మెట్టు. ఇంటి లోపల కాదు, బయట. వేట సాలీడు గోడకు అంటుకుని ఉంటుంది, నేల మీద తిరగడం తక్కువ. ఆ ఒక్క ముక్క పట్టించుకున్నా ఆ పేరు నోట రాకపోను.

పేరు తప్పయితే ఏమవుతుందో రెండు రోజుల్లో తెలిసింది. "గోడల మీద ఉంటాయి" అన్నానుగా, వాళ్లు గోడలన్నీ వెతికారు. పటాల వెనక నిజంగానే రెండు వేట సాలీళ్లు దొరికితే చీపురుతో కొట్టేశారు. ఆ మర్నాడు చిన్నాన్న, చేలో కొట్టగా మిగిలిన మందును స్ప్రేయరుతో అరుగు చుట్టూ, గోడల మొదళ్లలో, పిల్ల మంచం కోళ్ల దగ్గర కొట్టేశాడు. నాకు ఆ సంగతి చెప్పింది కొట్టాక. చేను మందు ఇంట్లో కొట్టకూడదని, అందులోనూ పిల్ల పడుకునే చోట అసలే వద్దని గట్టిగానే అన్నాను. అరుగంతా కడిగించాను. కానీ ఆ మందు కొట్టే దాకా వెళ్లిందంటే నా అరకొర జవాబుకూ అందులో వాటా ఉంది.

మరోపక్క ఎవరో పిల్లాడు అదే ఫొటోను ఒక యాప్‌లో పెడితే "టారంటులా" అని వచ్చిందట. ఇంట్లో ఇంకా హడలు.

ఆ పేరు సంగతి ఒకటి చెప్పుకోవాలి. యాప్ తప్పు చెప్పింది గానీ, పేరు మూలానికి వెళ్తే అది పూర్తిగా తప్పు కూడా కాదు. టారంటులా అన్న పేరు ఇటలీలోని టారంటో ఊరి మీదుగా వచ్చింది, మొదట ఆ పేరు పెట్టింది అక్కడి ఒక తోడేలు సాలీడుకే. మన మెట్టు మీదిది కూడా చివరికి ఆ కుటుంబమే అని తేలింది. దాని శాస్త్రీయ నామం ఇప్పటికీ లైకోసా టారంటులా. ఇవాళ మనం టారంటులా అంటున్న బొద్దు, బొచ్చు సాలీళ్లు వేరే వంశం. మన రాష్ట్రంలోనూ ఉన్నాయి. గుత్తి దగ్గర దొరికితే 1899లో పోకాక్ అనే ఆయన పేరు పెట్టిన నీలిరంగుది ఒకటి ప్రపంచ ప్రసిద్ధం. కానీ అది అడవిలో చెట్టు తొర్రల్లో బతికే ప్రాణి. వరిచేల మధ్య సిమెంటు మెట్టెక్కి కూర్చునే రకం కాదు.

రాత్రి వెళ్లి చూడటం

నాలుగో రోజు వెళ్లాను. వెంట తీసుకెళ్లినవి: తలకు కట్టుకునే టార్చి, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, ఒక పారదర్శకమైన స్వీటు డబ్బా, పెళ్లి శుభలేఖ ఒకటి, ప్లాస్టిక్ స్కేలు.

చిన్నాన్న అప్పటికే పెద్ద టార్చితో గంట వెతికాడట, ఒక్కటీ కనిపించలేదన్నాడు. అతని టార్చి నడుము దగ్గర ఉంది. తోడేలు సాలీళ్ల కళ్లలో వెలుగును వెనక్కి తిప్పికొట్టే పొర ఉంటుంది, పిల్లి కంట్లో ఉన్నట్టే. ఆ వెలుగు వచ్చిన దారినే తిరిగి వెళుతుంది. దీపం కంటి పక్కన ఉంటేనే మనకు కనిపిస్తుంది, నడుము దగ్గరుంటే కనిపించదు. నా టార్చి అతని నుదుటికి కట్టాను. పెరటి వైపు ఒకసారి తల తిప్పాడో లేదో, "సార్, ఇవన్నీ అవేనా!" అన్నాడు. గట్టు పొడవునా గడ్డిలో ఆకుపచ్చగా, నీలంగా చుక్కలు. మంచుబిందువు కూడా మెరుస్తుంది గానీ, మనం కదిలితే దాని రంగు మారుతుంది, ఆరిపోతుంది. ఈ చుక్క కదలకుండా మననే చూస్తుంటుంది. దగ్గరికి వెళ్లి వంగితే దాని వెనక సాలీడు ఉంటుంది.

మెట్టు దగ్గర మెరుపు వేరుగా ఉంది. ఒక పెద్ద చుక్క, దాని వెనక పొడి చల్లినట్టు బోలెడు సన్నటి మెరుపులు. అది చూడగానే మామ్మ చెప్పిన "ఈపు మీద ఇసం" ఏమిటో అర్థమైంది.

డబ్బా మెల్లగా బోర్లించి, కిందనుంచి శుభలేఖ జరిపాను. తొందరపడితే వీపు మీదివి చెల్లాచెదురవుతాయి. అద్దం పెట్టి ముందునుంచి చూశాను. పెద్ద సాలీడును గుర్తుపట్టాలంటే నేను మొదట చూసేది ముఖమే. వీపు మీది రంగూ చారలూ ఒకే జాతిలోనూ మారతాయి. కళ్ల వరస మాత్రం మోసం చేయదు. కింద వరసలో నాలుగు చిన్న కళ్లు. వాటి పైన ఎదురుగా చూస్తున్న రెండు పెద్ద కళ్లు, రాత్రి ఎదురొచ్చే లారీ దీపాల్లా. ఇంకా పైన, నడినెత్తికి కొంచెం వెనగ్గా మరో రెండు. నాలుగు, రెండు, రెండు. ఇది లైకోసిడే, అంటే తోడేలు సాలీళ్ల కుటుంబం. వేట సాలీడుకైతే నాలుగేసి చొప్పున రెండు వరసలు, పైగా మనిషి గోడకు ఒత్తినట్టు చదునుగా ఉంటుంది.

వీపు మీద పొట్ట భాగమంతా పిల్లలు, రెండు మూడు పొరలుగా. ఒక్కోటీ గసగసాల గింజకన్నా కాస్త పెద్దది. తల్లి పొట్ట మీద చివర బుడిపెలున్న ప్రత్యేకమైన వెంట్రుకలు ఉంటాయి, వాటిని పట్టుకుని వేలాడతాయి. ఒకటి జారి తల్లి కాలి మీదికి పడింది. కాలు పట్టుకుని మళ్లీ పైకి ఎక్కి, మిగతావాటి మధ్యలోకి దూరిపోయింది. తల్లి కదల్లేదు. తోడేలు సాలీడు ఆడది గుడ్ల సంచిని పొట్ట చివర, దారం తీసే గ్రంథులకు అతికించుకుని ఈడ్చుకు తిరుగుతుంది. పిల్లలు బయటికి రావాల్సిన వేళకు సంచిని తనే కొరికి తెరుస్తుంది. పిల్లలు వీపెక్కుతాయి, కొన్ని రోజులకు దిగిపోయి ఎవరి దారిన అవి పోతాయి. వీపున పిల్లల్ని ఇలా మోసే సాలీడు కనిపిస్తే ఇక కళ్లు లెక్కపెట్టకపోయినా దాదాపు కుటుంబం తేలిపోయినట్టే. సంచిని నోట కరుచుకుని తిరిగేవి మరో కుటుంబం. పొట్ట కింద పళ్లెంలా పట్టుకునేది వేట సాలీడు.

కొలిస్తే ఒళ్లు 22 మిల్లీమీటర్లు. కాళ్లు చాపిన వెడల్పు 6 సెంటీమీటర్లు. "అరసెయ్యంత" అన్నది భయం తీసిన కొలత. మామ్మను తప్పుపట్టను, నేను కూడా చీకట్లో చూసిన పామును ఎన్నడూ తక్కువ చేసి చెప్పలేదు.

ఏ జాతి అని చిన్నాన్న అడిగాడు. జాతి దాకా వెళ్లాలంటే దీన్ని చంపి, సారాయంలో వేసి, పొట్ట కింద జననాంగం ఆకారాన్ని మైక్రోస్కోపు కింద చూడాలి. ఆ ఇంటివాళ్ల ప్రశ్న అది కాదు. ఇది ప్రమాదమా, పిల్లకు ఇదేనా చేసింది అన్నదే వాళ్లకు కావాలి. రెంటికీ కుటుంబం తెలిస్తే చాలు. తోడేలు సాలీడు తనంతట తాను మనిషి మీదికి రాదు. చేత్తో నొక్కితేనో, బట్టల్లో చిక్కితేనో కొరకవచ్చు. నొప్పి, కొంచెం వాపు, అంతే. ఒకప్పుడు బ్రెజిల్‌లో వీటి కాటుకు ఒళ్లు కుళ్లుతుందని నమ్మి విరుగుడు మందు కూడా వాడారు. సావో పాలోలో 515 కాట్లను వరసగా పరిశీలించి 1990లో ప్రచురించిన వ్యాసంతో ఆ మాట వీగిపోయింది. పొక్కుల చారకు దీనితో సంబంధం లేదు, ఉచ్చ పోయడం అసలే లేదు. కాబట్టి చంపలేదు.

మామ్మను పిలిచి అద్దం చేతికిచ్చాను. "ప్రమాదం లేదమ్మా" అని నేను పదిసార్లు అన్నా నమ్మని మనిషి. అద్దంలోంచి చాలాసేపు చూసింది.

"ఓలమ్మా... పిల్లలే! ఇసం కాదు, పిల్లలే బావూ!" కాసేపాగి, "సంటిపిల్లల తల్లిని సంపితే మనకేటి పున్నెం? గట్టు మీద వొదిలీ. గుమ్మంలోకి మాత్రం రానీకు" అంది.

గట్టు మీద వదిలేశాం. చిన్నాన్న అప్పుడన్నాడు, పొలంబడిలో ఇలాంటిదే, చిన్నది, వరి దుబ్బు మొదట్లో చూపించారని, సుడిదోమను తింటుంది కాబట్టి ఊరికే మందు కొట్టి దీన్ని చంపుకోవద్దన్నారని. అది పార్డోసా, ఇదే కుటుంబం. చేలో మిత్రపురుగని తెలిసిన మనిషే గుమ్మంలో అదే కనిపిస్తే స్ప్రేయరు ఎత్తుకున్నాడు. నవ్వుకున్నాం.

రెండో తప్పు

సాలీడు సంగతి తేల్చేసిన హుషారులో ఉన్నాను. పిల్ల మెడ చూశాను. అప్పటికి దాని మీద ఏదో ఆకు పసరు పట్టించారు, నల్లగా గట్టిపడి ఉంది. కింద చార ఆకారం కనిపించడం లేదు, అంచు కొంచెం చీము పట్టింది. దగ్గర్లోని వైద్యుడొకరు అక్కి అని చెప్పి మాత్రలిచ్చారట. ఒకవైపే ఉండటం, చారగా రావడం, పొక్కులు... అక్కి అనుకోవడానికి అవకాశం ఉంది. "ఇది సాలీడు పని కాదు, అక్కే అయ్యుంటుంది, పసరు ఆపి పెద్దాసుపత్రిలో చూపించండి" అని చెప్పి వచ్చేశాను.

అంటే ఇది ఎవరు చేయలేదో చెప్పాను. ఎవరు చేశారో అడగలేదు. నేను నిలబడి మాట్లాడిన అరుగు మీదే, తల మీద తెల్లటి ఎల్ఈడీ ఫ్లడ్ లైటు వెలుగుతోంది. దాని కింద ఈసుళ్లు, దోమలు, రకరకాల చిన్న పురుగులు రాలుతున్నాయి. సాలీడు మెట్టెక్కింది వీటి కోసమే అని ఆ రాత్రే వివరించాను కూడా. ఆ రాలే పురుగుల్లో ఏమేమున్నాయో మాత్రం వంగి చూడలేదు.

ఐదు రోజులకు మళ్లీ ఫొటో. పిల్ల మోచేతి మడతలో ఎర్రగా రెండు మచ్చలు, మడతకు అటొకటి ఇటొకటి, ఒకదానికొకటి అచ్చు గుద్దినట్టు. పక్కింటి కుర్రాడికి కూడా బుగ్గ మీద చార వచ్చిందని చిన్నాన్న కింద రాశాడు.

ఈ ఫొటోతో అక్కి అన్న అనుమానం పోయింది. అక్కి ఒక నరం వెంట వస్తుంది. మెడ మీదొకటి, తొమ్మిది రోజులకు మోచేతి మడతలో ఇంకొకటి, పక్కింట్లో మరొకటి, అలా రాదు. సాలీడు ముందే పోయింది, మందు కొట్టాక కూడా కొత్తవి వస్తున్నాయి కదా. మడతలో ఒకవైపున పడ్డ రసం చేయి ముడిస్తే రెండోవైపు అంటుకుంటుంది. అలా అచ్చు పడటం పిడేరస్ అనే చిన్న పురుగుకు పెట్టింది పేరు, నలిగితే దాని రసం ఒంటిని పొక్కిస్తుంది. నోటుబుక్కు తెరిచాను. "సవితికి దీపం ఎట్టినకాడ్నించీ." మొదటి రోజు, మొదటి వాక్యం. మామ్మ చెప్పనే చెప్పింది.

తెల్లదుప్పటి

ఆ శనివారం మళ్లీ వెళ్లాను. ఫ్లడ్ లైటు ఎదురుగా తాడు కట్టి తెల్లదుప్పటి వేలాడదీశాం. ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా వాలినవన్నీ చూశాం. ఈసుళ్లూ దోమలూ పక్కన పెడితే, పద్నాలుగు పిడేరస్‌లు. చూడ్డానికి పెద్ద చీమలా ఉంటుంది, ముప్పావు సెంటీమీటరు పొడవు. తల నలుపు, మెడ నారింజ, నడుము మీద పొట్టి చొక్కాలా నీలం మెరిసే రెక్కల డిప్పలు, మళ్లీ నారింజ, తోక కొస నలుపు. పరిగెడుతూ తోక పైకెత్తుతుంది, అందుకే కుడుతుందేమో అనిపిస్తుంది. కుట్టదు, కొరకదు. దాని రక్తంలోనే పిడరిన్ అనే ఘాటైన రసాయనం ఉంటుంది. విచిత్రం ఏమిటంటే దాన్ని తయారుచేసేది పురుగు కాదు, ఆడపురుగు ఒంట్లో బతికే బ్యాక్టీరియా. మెడ మీద ఏదో పాకుతోందని మనం నిద్రలో చేత్తో నలిపి రాసేస్తాం. రాసిన దారంతా చార పడుతుంది. వెంటనే మంట ఉండదు, ఒకటి రెండు రోజుల తరవాత తేలుతుంది. అప్పటికి పురుగు గుర్తుండదు. పొద్దున మెట్టు మీద కనిపించిన పెద్ద సాలీడు గుర్తుంటుంది.

పిల్ల ఎక్కడ పడుకుంటుందని అడిగాను. ఉక్కపోతకు చవితి నుంచీ అరుగు మీదే నులకమంచం, సరిగ్గా దీపం కింద. పందిరి కోసం తెచ్చిన 30 వాట్ల దీపం, బాగుందని పండగయ్యాక అరుగు దూలానికి కట్టేశారు. వెనక వరి పొట్ట దశలో ఉంది. పిడేరస్ కూడా వరిచేలో ఉండే పురుగే, అక్కడ అది కూడా చిన్న పురుగుల్ని తిని రైతుకు మేలే చేస్తుంది. రాత్రి తెల్లటి వెలుగు కనిపిస్తే ఇటు ఎగిరొస్తుంది.

పనిచేసినవి

ఫ్లడ్ లైటు తీసేసి, 9 వాట్ల పసుపు వెలుగు బల్బు పెట్టించాను. అదీ అరుగు మీద కాదు, వీధి గుమ్మం అవతల కర్రకు. మంచం అరుగు లోపలి మూలకు జరిపి దోమతెర కట్టారు. పడుకునే ముందు దుప్పటి దులపడం పిల్లకు అప్పజెప్పాం. ఒంటి మీద పురుగు పాకితే నలపొద్దు, ఉఫ్‌మని ఊదు, లేదా కాగితం మీదికి ఎక్కించుకో అని నేర్పాను. నలిగిందనిపిస్తే అప్పటికప్పుడు సబ్బూ నీళ్లతో కడుక్కోవాలి, ఆ చేత్తో కళ్లు నలుపుకోకూడదు. పురుగు కంట్లోకి పోదు గానీ, చేతి మీది రసం పోతుంది. పసరు మానేశారు. పెద్దాసుపత్రి వైద్యురాలు తెల్లదుప్పటి ఫొటో చూసి అక్కి మాత్రలు ఆపించి, పూతమందు రాశారు. చీము పట్టిన చోటుకు వేరే మందు. పది రోజుల్లో చెక్కు రాలింది, కింద గోధుమరంగు మచ్చ మిగిలింది, అది మెల్లగా పోతుందన్నారు.

దీపం మార్చాక ఈ ఇంట్లో కొత్త చారలు రాలేదు. పక్కింటివాళ్లు తెల్ల దీపం మార్చలేదు, ఆ కుర్రాడికి తరవాతి వారంలో మెడ మీద ఇంకొకటి వచ్చింది. ఇది చూపించి దీపమే కారణమని గట్టిగా చెప్పాలనిపిస్తుంది. కానీ ఈ పిల్లకు దోమతెర కూడా వచ్చింది, మంచం కూడా జరిగింది. మూడూ ఒకే రోజు మార్చాం. ఏది ఎంత పనిచేసిందో విడదీయలేను. విడదీయడానికి ఒక పిల్ల మెడ మీద ప్రయోగం చేయలేం కదా. మెట్టు మీద సాలీళ్లు కూడా తగ్గాయి, తిండి తగ్గింది మరి.

ఈ కేసు తరవాత నా పనిలో మారినవి

ఫొటో అడిగేటప్పుడు మాట మార్చాను. ఇదివరకు "ఇంకొంచెం దగ్గరగా తియ్యి" అనేవాణ్ని. ఇప్పుడు మూడు ఫొటోలు అడుగుతున్నాను: పక్కన స్కేలో రూపాయి బిళ్లో పెట్టి ఒకటి, ముఖం వైపునుంచి ఒకటి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి అది ఉన్న చోటంతా కనిపించేలా ఒకటి. మూడోదే ఎక్కువసార్లు జవాబు చెబుతోంది. గోడా, మెట్టా, తలమీద దీపముందా, వెనక చేనుందా.

స్పష్టంగా లేని ఫొటోకు పేరు చెప్పడం మానేశాను. "చెప్పలేను, రాత్రి టార్చి నుదుటికి కట్టుకుని చూడు" అంటున్నాను. కొందరికి కోపం వస్తుంది, సార్‌కు తెలీదనుకుంటారు. అనుకోనీ. పేరు తప్పయితే స్ప్రేయరు బయటికొస్తుందని ఒకసారి చూశాను.

ఇంటివాళ్లు చెప్పే కారణం తప్పయినా, వాళ్లు చెప్పే వరస చాలాసార్లు సరిగానే ఉంటుంది. మామ్మ సాలీడు ఉచ్చ అన్నది తప్పు. ఎప్పటినుంచి అన్నది ఒప్పు. నేను మొదటిది తప్పని తేల్చి, దానితోపాటు రెండోదాన్ని కూడా పారేశాను. ఇప్పుడు ప్రతి కేసులో "ఇది మొదలవకముందు ఇంట్లో ఏం మారింది?" అని విడిగా అడిగి, జవాబు ఎంత సంబంధం లేనిదిగా అనిపించినా రాసుకుంటున్నాను. కొత్త దీపం, కొత్త కర్రలమోపు, కొత్త పాక, తవ్విన పునాది, కోసిన గడ్డి. పురుగు ఊరికే ఇల్లు మారదు.

సంక్రాంతి దాటాక కుప్పలు నూర్చిన కళ్లం అంచు నుంచి ఒక ఫొటో వచ్చింది. తీసింది ఈసారి పిల్లే. ఎండుగడ్డి మీద తోడేలు సాలీడు, పొట్ట చివర తెల్లటి గుడ్ల సంచి, పక్కన స్కూలు స్కేలు సరిగ్గా ఆనించి ఉంది. కింద ఇలా రాసింది: "21 మి.మీ. కళ్లు నాలుగు, రెండు, రెండు. మామ్మకి ఇంకా చెప్పలేదు."